నల్లతోకదుప్పి వేట

వేట యనగానే సామాన్యముగా మనస్సున మెదలు చిత్రమొకటి కలదు. గుఱ్ఱముపై దౌడు తీయు రాజు, ప్రాణభీతితో ముందు పరుగెత్తు మృగము, వెంబడించు కుక్కల మొఱుగు, డప్పుల మ్రోత, వింటినారి టంకారము - ఇవి యన్నియు ఆ చిత్రమున నుండును. పురాణములందును ప్రబంధములందును కవులు వర్ణించిన వేట యిట్టిదే. అందు వేగమునకును బాహుబలమునకును ప్రాధాన్యము మెండు. కాని వేగమునకుగాని బలమునకుగాని చోటు లేని వేట కూడ ఈ భూమిపై నొకటి కలదు. అందు వేటకాడు పరుగెత్తడు, నడచుటయు తక్కువయే. నిలుచుండి చూచుటయే అతని ముఖ్యమైన పని. చూచిన పిమ్మటగూడ తుపాకి యెత్తవలెనో వలదో నిర్ణయించుకొనుటయే అతని విద్య. ఉత్తర అమెరికా ఖండపు పడమటి తీరమున, ఎడతెగని వానలలో తడియు కారడవులలో జరుగు నల్లతోకదుప్పి వేట అట్టిది.

ఆ యడవులెట్టివో ముందుగా తెలిసికొనవలెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కాలిఫోర్నియా ఉత్తరభాగము మొదలుకొని ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రముల మీదుగాను, కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా తీరము వెంబడిని, అలాస్కా ఆగ్నేయభాగము వఱకును పసిఫిక్ మహాసముద్రపు టొడ్డున పర్వతపంక్తులు వ్యాపించియున్నవి. సముద్రముపైనుండి వచ్చు తేమగాలులు ఈ కొండలకు తగిలి పైకెగసి, చల్లబడి, వర్షించును. వాషింగ్టన్ రాష్ట్రమందలి ఒలింపిక్ ద్వీపకల్పమున హో యను నది కలదు. ఆ నదీలోయలో ఏటేట సుమారు 140 అంగుళముల వాన కురియును. మన అనంతపురమున ఏడాదికి కురియు వాన సగటున 22 అంగుళములు. అనగా అనంతపురమున ఆఱేండ్లు కురిసిన వాన అచ్చట ఒక్క యేటనే కురియుచున్నదన్నమాట. విచిత్రమేమనగా, అదే ద్వీపకల్పమున కొండలకావలి వైపుననున్న సీక్విమ్ అను ఊరిలో కురియు వాన యేటికి సుమారు 16 అంగుళములే. మేఘములలోని తేమనంతయు కొండలు ముందుగానే పిండివేయుటచే ఆవలివైపున వర్షచ్ఛాయాప్రాంత మేర్పడినది.

తెలుగునాట వేసవి ముగిసినంతనే వానలు మొదలగును. అచ్చట అట్లు కాదు. వేసవియే పొడికాలము, శీతకాలమే వానకాలము. అక్టోబరునుండి మార్చి వఱకు వర్షము విడువదు. అదియు మన తుపానులవలె కుండపోతగా కురిసి వెలిసిపోవు వాన కాదు. దినములతరబడి సన్నని తుంపరగా పడుచునేయుండును. ఈ తేమవలన స్ప్రూసు, హెంలాకు, సీడరు, డగ్లాసు ఫర్ అను వృక్షములు రెండువందల యడుగులకు మించి పెరుగును. వాని మొదళ్లను, కొమ్మలను పచ్చని నాచు దుప్పటివలె కప్పియుండును. కూలిన మహావృక్షము కుళ్లిపోవుచుండగా దాని వెన్నుపై క్రొత్తమొక్కలు వరుసతీరి మొలచును. నేలపై మోకాలిలోతు ఫెర్నుమొక్కలు, అల్లుకొనిపోయిన తీగలు, తాకినచో చేయి చీరుకొనిపోవు ముళ్లపొదలు నిండియుండును. మిట్టమధ్యాహ్నమునగూడ సంధ్యవేళవలె మసకవెలుతురే. పెక్కుచోట్ల ముప్పది గజముల కావల ఏమున్నదో మనుష్యుని కంటికి ఆనదు.

ఈ యడవియే నల్లతోకదుప్పి పుట్టినిల్లు. తెలుగువారు జింక యను పేరును వేర్వేరు జాతులకు వాడుచుందురు గావున ఇచ్చట కొంత వివరము అవసరము. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువైన కృష్ణజింక వేఱు, తెలంగాణ రాష్ట్రజంతువైన చుక్కలదుప్పి వేఱు. కృష్ణజింక కొమ్ములు మెలికలు తిరిగి, శాఖలు లేక, జీవితాంతము నిలిచియుండును. దుప్పుల కొమ్ములు శాఖోపశాఖలుగా పెరిగి, ఏటేట రాలిపోయి, మరల మొలచును. నల్లతోకదుప్పి ఈ రెండవ కుటుంబమునకు చెందినది. మగదానికి మాత్రమే కొమ్ములుండును. అవి పంగలుగా చీలుచు పెరుగును, శీతకాలమున రాలిపోవును, వసంతమున మెత్తని తోలుపొర క్రింద మరల చిగుర్చును. తోక పైభాగము నల్లగా నుండుటచే ఆ పేరు వచ్చినది. కొలంబియా నదీప్రాంతపు జాతియని శాస్త్రజ్ఞులు దానికి పేరిడిరి. అలాస్కా తీరమునందలి జాతి ఇంకను పొట్టిది. సిట్కా యను ఊరి పేరుతో దానిని పిలిచెదరు. అందు మగది సుమారు 120 పౌనులును, ఆడది సుమారు 80 పౌనులును తూగును.

ఈ దుప్పి బలము దాని కాళ్లలో కాదు, ఓర్పులో కలదు. బయలుభూములలోని జింకలు అపాయము తోచినంతనే మైళ్లకొలది పరుగెత్తును. నల్లతోకదుప్పికి పరుగుతో పనిలేదు. నాలుగడుగులు వేసినచో పొద కలదు. ఆ పొదలో కదలక నిలిచిన చాలును. మనుష్యుడు పదిగజముల దూరమున నడచిపోవుచున్నను అది చెవియైన కదల్పక నిలుచుండి, అతడు దాటిపోయిన పిమ్మట మెల్లగా వెనుకకు జారిపోవును. దాని సంచారభూమియు చిన్నది. పెక్కు దుప్పులు ఒక చదరపు మైలునకు మించని చోటనే తమ జీవితమును గడపును. ఆ చోటిలోని ప్రతి పొదయు, ప్రతి వాగును దానికి కంఠపాఠము. వేకువను, మునిమాపున మేతకు వచ్చును; పగలు పొదలలో పండుకొని నెమరువేయును. నవంబరు మాసము జతకట్టు కాలము. ఆ కొలది దినములు మాత్రమే మగదుప్పి తన జాగరూకతను మఱచి పట్టపగలు తిరుగాడును.

ఈ తీరమున తరతరములుగా నివసించు ఆదిమజాతులవారికి దుప్పి ఆహారమును, వస్త్రమును, పనిముట్లను కూడ ఇచ్చినది. మాంసము తిని, తోలు కట్టుకొని, ఎముకలతో సూదులు చేసికొనెడివారు. అలాస్కాయందలి క్లింగిట్ జాతివారిలో గొప్ప ఆచార మొకటి కలదు. రెండు వంశముల నడుమ వైరము ముగిసి సంధి కుదిరినపుడు, ఉభయపక్షములవారును ఎదుటి పక్షమునుండి కొందఱు గౌరవనీయులను తమ యొద్దకు గైకొని ఆదరించెడివారు. అట్టివారికి 'గువకాన్' అని పేరు. ఆ మాటకు దుప్పి యని యర్థము. ఎవరికిని హాని చేయని సాధుజంతువు గావున శాంతికి అది గుర్తైనది. దేనిని వేటాడి బ్రదికిరో దానినే శాంతిచిహ్నముగా మన్నించుట ఆ జాతివారి సంస్కారమునకు నిదర్శనము. 1854 మొదలు 1856 వఱకు వాషింగ్టన్ ప్రాంతపు ఆదిమజాతులు అమెరికా ప్రభుత్వముతో చేసికొనిన ఒడంబడికలలో భూముల నెన్నింటినో వదలుకొన్నను, ఎవరికిని చెందని ఖాళీభూములలో వేటాడు హక్కును మాత్రము నిలుపుకొనిరి.

తూర్పునుండి వచ్చిన తెల్లవారికి ఈ యడవి యెట్టిదో 1805వ సంవత్సరమున తెలిసినది. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పంపగా మెరివెదర్ లూయిస్, విలియం క్లార్కు అను సేనానులు ఖండమును దాటి పడమటి సముద్రమును చేరిరి. కొలంబియా నదీముఖమునకు దగ్గఱ క్లాట్‌సప్ అను కోటను కొయ్యలతో కట్టుకొని, 1805 డిసెంబరునుండి 1806 మార్చి వఱకు శీతకాలమును గడపిరి. వారచ్చటనున్న 106 దినములలో వాన పడని దినములు 12 మాత్రమే. కట్టుబట్టలు కుళ్లిపోయెను. వేటాడి తెచ్చిన మాంసము తేమకు చెడిపోవుచుండెను. ఆ శీతకాలమున వారు 131 ఎల్కులను, 20 దుప్పులను చంపినట్లు లెక్క వ్రాసికొనిరి. ఎల్కు యనునది గుంపులుగా తిరుగు పెద్దజాతి మృగము. ఆ సేనానులు తమ దినచర్య పుస్తకములలో నల్లతోకదుప్పిని గూర్చియు శ్రద్ధగా వ్రాసికొనిరి.

నాటికిని నేటికిని తుపాకులు మాఱినవి, దుస్తులు మాఱినవి. కాని యడవిలో నడచు పద్ధతి మాఱలేదు. వేటకాడు ఒక అడుగు వేయును, నిలుచును, చుట్టును చూచును. మరల నొక అడుగు. గంటకు నూఱుగజములు నడచినను తొందరపడినట్లే పెద్దలు భావింతురు. వాన ఇందు అతనికి మిత్రమును అగును, శత్రువును అగును. ఎండిన ఆకు కాలిక్రింద పటపటలాడును. తడిసిన ఆకు చప్పుడు చేయదు. చెట్లనుండి రాలు చినుకుల సవ్వడిలో అడుగుల సవ్వడి కలసిపోవును. ఇది వాన చేయు ఉపకారము. దూరదర్శిని అద్దములు మసకబారును, కాలిజాడలు చెఱగిపోవును, తడిసిన దేహము చల్లబడి, మంచు పడని దినమునందుగూడ మనుష్యుడు వణకి, తెలివి తప్పి, ప్రాణమునకే ముప్పు తెచ్చుకొనును. ఇది వాన చేయు అపకారము. అందుచేత తడిసినను వెచ్చదనమును కాపాడు ఉన్నిబట్టలను, దిక్సూచిని, నిప్పుపెట్టెను విడిచి అనుభవజ్ఞుడెవ్వడును అడవిలో అడుగిడడు.

ఇక చూచుట యనునది వేఱొక విద్య. క్రొత్తవాడు నిండైన దుప్పికొఱకు వెదకును. వానికి ఏమియు కనబడదు. అనుభవశాలి దుప్పికొఱకు వెదకడు, దుప్పిలోని ముక్కకొఱకు వెదకును. అడవిలో చెట్లన్నియు నిలువుగీతలు; వాని నడుమ అడ్డగీత యొకటి కనబడినచో అది దుప్పి వెన్ను కావచ్చును. ఆకుల నడుమ చినుకు పడకయే ఒక ఆకు కదలినచో అది చెవి కావచ్చును. నల్లని నిగనిగలాడు చుక్క ముక్కు కావచ్చును. కాని యీ 'కావచ్చును' అను మాటయందే గొప్ప ప్రమాదము దాగియున్నది. ముక్కను చూచి మొత్తమును ఊహించుట వెదకుటకు మాత్రమే పనికివచ్చును. తుపాకి పేల్చుటకు పనికిరాదు.

ఈ విషయము స్పష్టమగుటకై అట్టి యడవిలో వేటకు బయలుదేరిన తండ్రీకొడుకుల నూహింపుడు. కొడుకునకు పదునాలుగేండ్లు. నవంబరు మాసపు ఉదయము, సన్నని వాన. ఇరువురును గంటలకొలది మెల్లగా నడచుచు ఒక వాగు గట్టునకు చేరిరి. ఎదుటి పొదలలో గోధుమవన్నె యొకటి వంగి లేచినట్లు బాలునకు తోచెను. అతని గుండె దడదడ కొట్టుకొనెను. తుపాకి భుజమునకు చేరెను. తండ్రి మెల్లగా గొట్టముపై చేయి వేసి క్రిందికి దింపెను.

"నాయనా, ఏమి చూచితివి?"

"దుప్పి, నాన్నా!"

"దుప్పిని చూచితివా? దాని తలను చూచితివా, కొమ్ములను చూచితివా?"

"లేదు. గోధుమరంగు కదలినది."

"కదలిక దుప్పి కాదు, రంగు దుప్పి కాదు. నిలుచుండుము."

కొంతసేపటికి పొదలు విడివడెను. గోధుమరంగు వానకోటు తొడుగుకొని, చేత బుట్ట పట్టుకొని, పుట్టగొడుగుల నేరుకొనుచున్న వృద్ధురా లొకతె లేచి నిలుచుండెను. ఆమె వారిని చూచి, చేయి యూపి, తన దారిని పోయెను. తన ప్రాణమునకు ఎంతటి గండము తప్పినదో ఆమె యెఱుగదు. బాలు డెఱుగును. అతడు తుపాకిని నేలకు దించి, చాలసేపు మాటాడలేకపోయెను.

ఈ ఘట్టము విన్నంతనే తెలుగు విద్యార్థికి దశరథుని కథ జ్ఞప్తికి వచ్చును. శబ్దమును బట్టి బాణము వేయగల నేర్పు ఆయనకు కలదు. చీకటిలో సరయూనదీతీరమున కుండలో నీరు నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి బాణము వదలెను. ఆ బాణము అంధులైన తల్లిదండ్రులకు నీరు గొనిపోవచ్చిన మునికుమారునకు తగిలెను. దశరథుని గురి తప్పలేదు, తప్పినది నిశ్చయము. గురి యెంత గొప్పదైన అంత గొప్ప కీడు కలిగినది. పుత్రశోకముతో ఆ వృద్ధదంపతులు ప్రాణములు విడుచుచు ఇచ్చిన శాపమే తరువాత రామవనవాసవేళ దశరథుని బలిగొన్నది. దక్షతకంటె ముందు వివేచన ఉండవలెనని ఈ కథ బోధించును. దట్టమైన వానయడవిలో వేటాడు ప్రతివానికిని ఈ బోధ నేటికిని వర్తించును.

అందుచేతనే అచ్చటి ప్రభుత్వములు ఈ వివేచనను మనుష్యుల మంచితనమునకే వదలిపెట్టక చట్టముగా చేసినవి. వాషింగ్టన్ రాష్ట్రమున 1972 జనవరి 1వ తేదీకి తరువాత పుట్టినవారు వేటకు లైసెన్సు పొందవలెనన్న ముందుగా శిక్షణతరగతులలో ఉత్తీర్ణులు కావలెను. గుఱి చూచుట మాత్రమే కాదు, గుఱి వెనుక ఏమున్నదో చూచుటయు అచ్చట నేర్పుదురు. ఆధునిక తుపాకులతో దుప్పులను వేటాడు కాలమున వేటకాండ్రు నడుమునకు పైభాగమున 400 చదరపు అంగుళములకు తక్కువకాకుండ మెఱయు నారింజరంగు వస్త్రమును ధరింపవలెను. 2019వ సంవత్సరమునుండి మెఱయు గులాబిరంగునుగూడ అంగీకరించిరి. ఆ నారింజరంగు మనుష్యుల కన్నులకు నిప్పువలె కనబడును. దుప్పి కంటికి అది ఆకులలో కలసిపోవు రంగే. మనుష్యుని మనుష్యునినుండి కాపాడుటకు ఇంతకంటె చక్కని యుపాయము లేదు.

దుప్పిని స్పష్టముగా చూచి, తుపాకి పేల్చినంతమాత్రమున వేటకాని బాధ్యత తీఱిపోదు. నిజమునకు అప్పుడే మొదలగును. గుండు గుండెకో ఊపిరితిత్తులకో తగిలినను దుప్పి వెంటనే కూలదు. నూఱుగజములైన పరుగెత్తి పొదలలో పడిపోవును. దాని జాడను రక్తపుచుక్కలను బట్టి తెలిసికొనవలెను. ఎఱ్ఱగా నురుగుతో కూడిన రక్తము ఊపిరితిత్తులకు తగిలినదని చెప్పును. నల్లని రక్తము, దానితో కలసిన పచ్చని మేత కడుపునకు తగిలినదని చెప్పును. అట్టి మృగమును వెంటనే తఱుమరాదు. తఱిమినచో అది బాధతో మైళ్లకొలది పోవును. కొన్నిగంటలు విడిచినచో దగ్గఱలోనే పండుకొనును. ఇది పొడినేలలయందలి నియమము. కాని వానయడవిలో కొన్నిగంటలు ఆగినచో రక్తపుచుక్క యొక్కటియు మిగులదు. ఆగినచో జాడ చెఱగును. ఆగకున్నచో మృగము దూరమగును. ఈ ధర్మసంకటమునకు విడుదల లేదు. వేటకాడు తుపాకి పేల్చినచోటను, మృగము నిలిచినచోటను గుర్తుపెట్టుకొని, ప్రతి రక్తపుచుక్కయొద్దను ఒక కాగితపుపీలికను కట్టుచు, జాడ తప్పినచోట చేతులు మోకాళ్లు నేలనాని వెదకుచు పోవలెను. గాయపడిన మృగమును విడిచి ఇంటికి పోవుట అచ్చటి వేటకాండ్రలో పెద్ద అప్రతిష్ఠ. కావున గాయపఱచి పోగొట్టుకొనుటకంటె పేల్చకుండుటయే మేలని అనుభవజ్ఞులు పిల్లలకు మొదటి దినముననే చెప్పుదురు.

ఆ తండ్రీకొడుకులను మరల నొకమారు చూతము. సాయంకాలమైనది. అడవి అంచున, చెట్లను నఱికివేసిన మైదానమొకటి కలదు. అచ్చట లేతచిగుళ్లు మొలచియుండుటచే మునిమాపున దుప్పులు మేతకు వచ్చును. ఇరువురును ఒక మోడు చాటున కూర్చుండిరి. చట్టప్రకారము సూర్యాస్తమయమైన అరగంటకు తుపాకి దింపివేయవలెను. ఆ గడువునకు ఇంకను పదినిమిషములున్నవి. అంతలో పొదలనుండి మగదుప్పి వెలువడెను. పంగలుగా చీలిన కొమ్ములు, తడిసి నల్లబడిన వీపు, ఆవిరులు చిమ్ము నాసాపుటములు - ఈమారు సందేహము లేదు, అది దుప్పియే. కాని దాని ప్రక్కటెముకలకు అడ్డముగా కొమ్మలు అల్లుకొనియున్నవి. వాన బలపడుచున్నది. వెలుతురు తఱుగుచున్నది. తండ్రి యీమారు చేయి వేయలేదు, మాటాడలేదు. బాలుడు తుపాకి యెత్తి గుఱి చూచెను. కొంతసేపు ఊపిరి బిగపట్టెను. పిమ్మట తుపాకిని మెల్లగా దించివేసెను. దుప్పి రెండడుగులు వేసి చీకటిలో కలసిపోయెను.

"ఏల పేల్చలేదు?" అని తండ్రి యడిగెను.

"కొమ్మకు తగిలి గుండు ప్రక్కకు పోవచ్చును. దుప్పి గాయపడి పోయినచో ఈ చీకటిలో, ఈ వానలో మనము దానిని పట్టజాలము, నాన్నా!"

తండ్రి మాఱుమాటాడక కొడుకు వీపు తట్టెను. వారిద్దఱును వట్టిచేతులతో ఇల్లు చేరిరి. ఉదయమున తండ్రి చేయి చేసినపనిని సాయంకాలమున కొడుకు మనస్సే చేసినది. విద్య యనగా ఇదియే గదా!

దుప్పి దొరికిన దినమున గూడ నియమములు పెక్కు కలవు. చంపినవెంటనే లైసెన్సుతో వచ్చిన చీటిని తేదీ తెలియునట్లు కత్తిరించి మృగమునకు కట్టవలెను. మాంసమును త్వరగా చల్లార్చవలెను; పాడుచేసిన యెడల చట్టము శిక్షించును. బండిదారి యొక్కొకప్పుడు మైలు రెండుమైళ్ల దూరమున నుండును. ముళ్లపొదలలో, కూలిన మ్రానులమీదుగా, ఆ బరువును వేటకాడు తానే మోసికొనిపోవలెను. వాషింగ్టన్ రాష్ట్రమున వేట ఫలించినను ఫలింపకున్నను జనవరి 31వ తేదీలోపల ప్రతి లైసెన్సుదారుడును ప్రభుత్వమునకు లెక్క చెప్పుకొనవలెను. ఆ లెక్కలను చూచియే మరుసటి యేటి నియమములను నిర్ణయింతురు. 1938లో ఏర్పడిన ఒలింపిక్ జాతీయోద్యానమున మాత్రము వేట పూర్తిగా నిషిద్ధము. వేట దాని వెలుపలి యడవులలోనే.

ఇట్టి సాధుజంతువును వేటాడనిచ్చుట యేల యని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. అది సహజమే. ఒకప్పుడు అచ్చటగూడ హద్దులు లేక తోళ్లకై, మాంసవిక్రయమునకై వన్యమృగములను చంపిరి. పందొమ్మిదవ శతాబ్దాంతమునకు దేశమందలి పెక్కుజాతులు క్షీణించెను. 1900వ సంవత్సరపు లేసీ చట్టము, దొంగవేటలో చంపిన మృగముల మాంసమును, తోళ్లను ఒక రాష్ట్రమునుండి వేఱొక రాష్ట్రమునకు చేరవేయుటను నేరముగా ప్రకటించినది. 1937వ సంవత్సరపు పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము వేటతుపాకులపైని తూటాలపైని వేయు 11 శాతము పన్నును వన్యమృగ సంరక్షణకు కేటాయించినది. ఆ విధముగా వేటకాండ్ర సొమ్మే మృగములను కాపాడుటకు వినియోగమగుచున్నది.

వేఱొక కారణముకూడ కలదు. బ్రిటిష్ కొలంబియా తీరమునకు దూరముగా హైదాగ్వాయి యను ద్వీపములు కలవు. అచ్చట పూర్వము ఈ దుప్పులు లేవు. పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి మనుష్యులు వానిని తెచ్చి విడిచిరి. ఆ ద్వీపములలో తోడేళ్లు లేవు; కూగరు అను పెద్దపిల్లులు లేవు. దుప్పులు విపరీతముగా పెరిగి అడవి యడుగున మొలచు మొక్కలను తినివేసినవి. హైదాజాతివారు పడవలను, ఎత్తైన శిల్పస్తంభములను చెక్కుకొను సీడరుచెట్ల మొలకలు సైతము పెరుగలేకపోవుచున్నవి. దుప్పి సాధువే, కాని సాధువైనదియు హద్దు మీఱినచో అడవిని మ్రింగగలదు. మఱియొకచోట కథ వేఱు. అలాస్కాలో మంచు దట్టముగా పడిన యేట దుప్పులను బ్రదికించునవి పురాతన మహావృక్షములే. వాని కొమ్మలు మంచు నాపి, క్రింద మేతను నిలుపును. ఆ చెట్లను నఱికినచో మొదట కొన్నియేండ్లు చిగుళ్లు పెరిగి దుప్పులకు మేలు కలిగినట్లే కనబడును. పిమ్మట క్రొత్తచెట్లు గుబురుకట్టి, వెలుతురు పోయి, మేత నశించును. దుప్పుల బ్రదుకు వేటకాని తుపాకికంటె గొడ్డలిపై ఎక్కువగా ఆధారపడియున్నదని దీనివలన తెలియుచున్నది.

మన దేశపు స్థితి వేఱు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము కృష్ణజింకలను, దుప్పులను వేటాడుటను నిషేధించినది. ఇచ్చట మృగములకు మిగిలిన చోటు స్వల్పము. వానిని చూచి సంతోషించుటయే మన వేట కావలెను. కర్నూలుసీమయందలి రోళ్లపాడు పచ్చికబయళ్లలో గంతులువేయు కృష్ణజింకలను చూచుటకు తుపాకి యక్కఱలేదు. ఓర్పు మాత్రము కావలెను. ఆ ఓర్పు వానయడవిలో దుప్పికొఱకు కాచియుండు వేటకాని ఓర్పునకు ఏమాత్రము తీసిపోదు.

దేశములు వేఱైనను, చట్టములు వేఱైనను, నల్లతోకదుప్పి నేర్పు పాఠ మొక్కటే. మనుష్యునకు శక్తి చేతిలో నున్నంతమాత్రమున దానిని వాడుట ఘనత కాదు. ఎదుట నున్నదేదో తేటతెల్లముగా తెలియువఱకు ఆగుట, తెలిసిన పిమ్మటగూడ దాని పర్యవసానమును మోయగలనా యని తన్ను తాను ప్రశ్నించుకొనుట - ఇవి తుపాకి పట్టినవానికే గాక, కలము పట్టినవానికిని, అధికారము పట్టినవానికిని, కోపములో నోరు విప్పబోవు ప్రతివానికిని అవసరమైనవి. వదలిన గుండును వెనుకకు పిలువలేము. వదలని గుండు మాత్రము ఎల్లపుడు మన వశముననే యుండును.